ఆదివారం ఉసిరి

అమెరికాలో పిల్లల్ని పెంచుతున్న మాలాంటివాళ్ళం ఏ ఆచారం కనిపించినా దానికి వెంటనే ఒక సైన్సు కారణం తగిలిస్తాం. ఉసిరికాయ అనగానే మావారు సి విటమిన్ గురించి మొదలుపెడతారు. "అది నారింజలోనూ ఉంది కదా నాన్నా" అంది మా అమ్మాయి. నిజమే! విటమిన్ కోసమే అయితే అంత వగరు ఎవరు భరిస్తారు?

ఈసారి బంధువుల పెళ్ళి కార్తికంలో పడడంతో గుంటూరు వచ్చాం. డాలస్‌లో మేం కొనేది గడ్డకట్టిన ఉసిరి. కరిగితే మెత్తబడిపోతుంది. బ్రాడీపేటలో అమ్మ ఇంట్లో పిల్లలు పచ్చి కాయ ఉప్పద్దుకుని కొరికి, కళ్ళు గట్టిగా మూసుకున్నారు. "ఇప్పుడు మంచినీళ్ళు తాగండి" అంది అమ్మ. నీళ్ళు తియ్యగా ఉన్నాయని చెంబు ఖాళీ చేసి, ఇంకో కాయ అడిగారు.

తరువాత పచ్చడి పని. కాయలు కడిగి, తడి లేకుండా తుడిచి, ఉప్పూ పసుపూ వేసి రోట్లో దంచి జాడీకెత్తింది. మూడోరోజు గింజలు ఏరే పని పిల్లలది. మళ్ళీ నూరి దాచిన ఆ ముద్ద రోజులు గడిచేకొద్దీ నల్లబడుతుంది. కావలసినప్పుడు కాస్త తీసి, ఎండుమిరపకాయలు, మెంతులు, ఇంగువ పోపు కలిపి నూరుకోవడమే. వేడన్నం, నెయ్యి, మొదటి ముద్ద దానితోనే.

క్షీరాబ్ది ద్వాదశినాడు తులసికోటలో ఉసిరి కొమ్మ గుచ్చి పెళ్ళి చేశారు. ఉసిరికాయ పైన చెక్కి నేతి వత్తి వెలిగిస్తుంటే, కాయ కాలిపోదా అని మా అబ్బాయి సందేహం. "చూస్తూ ఉండు" అంది అమ్మ.

ఆదివారం మాత్రం జాడీ ముట్టనివ్వలేదు. ఎందుకని అడిగితే, "మా అమ్మ తినేది కాదు, నేనూ తినను" అంది. మావారు ఏదో వివరించబోతే కళ్ళతోనే ఆపాను. మేం అల్లే కారణాలను పిల్లలు ఫోనులో వెతికి ఇట్టే కూలగొడతారు, వాటితోపాటు ఆచారమూ పోతుంది. అమ్మ జవాబులో కూలడానికేమీ లేదు.

తిరుగు ప్రయాణానికి పచ్చడి డబ్బా కడుతుంటే, ఆదివారం ఇక్కడి లెక్కా, డాలస్ లెక్కా అని అడిగాడు అబ్బాయి.

"నువ్వెక్కడుంటే అక్కడి ఆదివారమే."

"అయితే శనివారం రాత్రి తినొచ్చు!"

రాత్రిపూట అసలే తినకూడదని అమ్మ అప్పుడు చెప్పింది.