తాడు కాడ ఆగిన పడవ: నా అనుభవం

మా బిడ్డ హుస్సేన్‌సాగర్‌ల తెరచాప పడవ నేర్చుకుంటున్నది. నల్లగొండోళ్లకు గిదేం పిచ్చి అని చుట్టాలు నవ్విండ్రు. నవ్వనీ. పోటీకి ముందురోజు పరికరాల తనిఖీ అయింది, కోపం దిగకముందే రాస్తున్న.

పడవ ఆప్టిమిస్ట్ అనే రకం, పాతది. పిల్లలది, 2.3 మీటర్ల పొడుగు. కొత్తది కొననీకి ఎగబడకుండ్రి, 15 ఏళ్లు నిండే సంవత్సరం దాకనే దీంట్ల పోటీ, తర్వాత అమ్ముకునుడే. పడవ తిరగబడ్డా మునగకుండ ఆపే గాలి తిత్తులు మూడూ రాత్రి ఊదిపెట్టి పొద్దున నొక్కి చూసిన, గట్టిగనే ఉన్నయి. తెరచాపకు కుట్లు లేస్తే కుట్టించిన. ఎండకు గుడ్డ కన్నా ముందు దారం పోతది, కొనేటప్పుడు కుట్టు మీద గోరుతో గీకి చూడుండ్రి. లైఫ్ జాకెట్ తొడిగి భుజాల కాడ పైకి గుంజితే చెవుల దాక రావద్దు. దానికి ఈల కట్టి ఉండాలె.

ఇగ తాడు. గాలి పడిపోతే లాంచీ వచ్చి పడవను గుంజుకపోయేది పడవ ముందు కొసకు కట్టిన ఈ తాడుతోనే. ఒకటే ముక్క, 5 మిల్లీమీటర్లకు తగ్గని మందం, 8 మీటర్లకు తగ్గని పొడుగు, నీళ్లల్ల తేలాలె. మాకిచ్చిన కాగితంల మందం, పొడుగు ఉన్నయి, తేలాలనే ముచ్చటే లేదు. మా ఊరి హార్డ్‌వేర్ షాపాయన "పడవలకు ఇదే సార్, ఏనుగును కట్టినా తెగది" అని మెరిసే నైలాన్ తాడు చేతుల పెట్టిండు.

తనిఖీ చేసేటాయన దాని కొస బకెట్ల ఏసిండు. మెల్లగ సుడి తిరుక్కుంట అడుక్కు పోయింది. "ఏంటండీ ఇది, బర్రెను కట్టే పలుపా?" అన్నడు. తల్లిదండ్రులంతా మళ్లి చూసిండ్రు. బిడ్డ నా చొక్కా పట్టుకొని "పోదాం నాన్నా" అన్నది.

పలుపులు పేనిన ఇంట్ల పుట్టిన. జారని ముడి ఎట్ల ఏయాలో ఆయనకే నేర్పగలను. నియమం సక్కందే, మునిగిన తాడు లాంచీ పంకకు చుట్టుకుంటది. కానీ పిల్ల ముందట చెప్పే తీరు గదేనా? ఆటలు పల్లెలకు పోవాలె అని మైకుల మాట్లాడేది మళ్ల వీళ్లే.

సాయంత్రం దాక టైమిచ్చిండ్రు. పానగల్లు ఉదయసముద్రంల వలలేసే దోస్తుకు ఫోన్ చేసిన.

"తేలే తాడా? వలకు పైన కట్టేదే కదనే! గింతదానికి పరేషాన్ ఏంది?"

పచ్చ పాలీప్రొపైలిన్ తాడు, నీళ్ల కన్నా తేలిక. పది మీటర్లు కోసి ఆర్టీసీ కార్గోల పంపిండు. హైదరాబాద్ బస్టాండు ఎంజీబీఎస్‌కు ఉరికి తెచ్చిన. అదే బకెట్, అదే మనిషి. మొత్తం ముంచి వదిలితే మళ్ల పైకే వచ్చింది. నోరు తెరవకుండ టిక్కు పెట్టిండు.

ఈ తాడుకు ఎండ పడది. చేతికి పొడి అంటుతున్నదంటే మార్చేయాలె. చాపను మంచినీళ్లతో కడిగి నీడల ఆరబెట్టుండ్రి, మడత పెట్టకుండ చుట్టుండ్రి. తాడు కొనేటప్పుడు షాపులనే ఒక ముక్క నీళ్లల్ల ఏయమనుండ్రి.

నైలాన్ తాడు తీస్కపోతే షాపాయన "కోసిన మాల్ వాపస్ తీసుకోం సార్" అన్నడు. బోర్డు కూడా చూపెట్టిండు.