నాన్‌రెస్ట్రిక్టివ్ క్లాజ్: ‘ఏ అన్నయ్య?’ అని అడిగి చూడండి

ఎస్‌ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్), బ్యాంకు పరీక్షలకు చదివే మన సిక్కోలు, విజయనగరం వాళ్లు స్పాటింగ్ ఎర్రర్స్‌లో, అంటే వాక్యంలో తప్పు పట్టే ప్రశ్నల్లో, జారేది చాలాసార్లు కామా దగ్గరే. తప్పు మన తెలుగుది. ‘పలాసలో ఉండే మా అన్నయ్య’ అంటే ఉన్నదే ఒక్క అన్నయ్యా, ముగ్గురిలో పలాసాయనా? తెలుగులో రెండింటికీ అదే మాట. ఇంగ్లిష్‌లో ఆ తేడాను కామాలు చెబుతాయి.

‘మై బ్రదర్ హూ లివ్స్ ఇన్ పలాస’ అని కామా లేకుండా రాస్తే అన్నలు ఒకరికంటే ఎక్కువ, వాళ్లలో పలాసాయన. ‘మై బ్రదర్, హూ లివ్స్ ఇన్ పలాస, ఈజ్ ఎ టీచర్’ అంటే ఒక్కరే; పలాస సంగతి కొసరు. మాటల్లో మనం ‘మా అన్నయ్య, పలాసలో ఉంటాడులే, టీచరు’ అంటాం కదా. ఆ ‘ఉంటాడులే’నే నాన్‌రెస్ట్రిక్టివ్ క్లాజ్, అంటే తీసేసినా ఎవరి గురించో తెలిసిపోయే కొసరు ఉపవాక్యం.

అందుకే నామవాచకం దగ్గర ఆగి ‘ఏ?’ అని అడగండి. జవాబు కోసం క్లాజ్ కావాల్సి వస్తే కామా వద్దు. ‘ఏ నాగావళి?’ అని ఎవరూ అడగరు, కాబట్టి ‘ద నాగావళి, విచ్ ఫ్లోస్ త్రూ శ్రీకాకుళం,’ అని రెండు వైపులా కామా పడాల్సిందే. ఒకటి పెట్టి రెండోది మరవడం మామూలు తప్పు.

ఇలాంటి కొసరు క్లాజ్ కామా తర్వాత ‘దట్’తో మొదలైతే అదే ఎర్రర్, ‘విచ్’ లేదా ‘హూ’ ఉండాలి. వాటిని ఎగరగొట్టడానికీ లేదు.

వెర్బ్ విషయంలో క్లాజ్‌ను వేలితో మూసి చదవండి. ‘ద ఫార్మర్స్ అలాంగ్ ద వంశధార, విచ్ మీట్స్ ద సీ ఎట్ కళింగపట్నం, గ్రోస్ ప్యాడీ.’ పక్కనే ఏకవచనంలో నది ఉండేసరికి ‘గ్రోస్’ సరిగానే వినిపిస్తుంది. మూస్తే మిగిలేది ఫార్మర్స్, అంటే ‘గ్రో’.

అన్నిటికంటే మోసం చేసేది ఇది: ‘షీ హ్యాజ్ త్రీ సన్స్, టూ ఆఫ్ దెమ్ ఆర్ ఇన్ ద ఆర్మీ.’ తెలుగు చెవికి తప్పేమీ తోచదు. కానీ రెండు పూర్తి వాక్యాలను ఒక్క కామాతో అతికించారు. ‘టూ ఆఫ్ హూమ్’ కావాలి. వస్తువులైతే ‘టూ ఆఫ్ విచ్’.

‘హి మిస్డ్ ద పలాస ట్రైన్, విచ్ అప్‌సెట్ హిజ్ ఫాదర్’లో విచ్ అంటే రైలు కాదు, రైలు తప్పిపోవడం. అక్కడా కామా తప్పనిసరి.

కామా లేని ‘విచ్’ కనిపించగానే తప్పని గుర్తు పెట్టేయకండి. ‘ద బుక్ విచ్ ఐ బాట్’ బ్రిటిష్ ఇంగ్లిష్‌లో మామూలే. ఎర్రర్ వేరే భాగంలో వెతకండి.