22వ క్రోమోజోమ్ మీద పొరుగిల్లు

మొన్న మా అమ్మ పూలు కడుతుంటే పక్కన కూర్చుని చూస్తున్న నాకు, ఎంతోకాలంగా ఒక మిత్రుడికి సరిగా విడమరిచి చెప్పలేకపోయిన సంగతి ఒకటి తేలికగా తోచింది: పూర్వీకుల నుంచి వచ్చిన క్రోమోజోము తునకలను బట్టి జబ్బుకు కారణమైన జన్యువును ఎలా వెతుకుతారన్నది. మూరెడు మల్లెల దండను, మూరెడు కనకాంబరాల దండను ఒకేచోట తెంపి, ముక్కలను అటుదిటు మార్చి ముడివేస్తే రెండు రంగులూ ఇంకా పొడవాటి వరుసలుగానే కనిపిస్తాయి. అదే పని పదేపదే చేస్తూపోతే వరుసలు కురచబడి, చివరికి కదంబమే మిగులుతుంది. ప్రతి తరంలోనూ అండమో వీర్యకణమో ఏర్పడే వేళ జంట క్రోమోజోముల మధ్య జరిగేది ఇటువంటి తెంపి కట్టడమే.

ఆఫ్రికన్ అమెరికన్ల వంశవారసత్వంలో సగటున 80 శాతం ఆఫ్రికా నుంచి, మిగిలినది చాలావరకు ఐరోపా నుంచి వచ్చింది. ఈ కలయిక గడచిన కొన్ని శతాబ్దాలదే కావడం వల్ల తునకలు ఇంకా పొడవుగా ఉన్నాయి. కొద్ది వేల మార్కర్లు, అంటే మనిషికీ మనిషికీ తేడా కనిపించే జన్యు గుర్తులు, చూస్తే చాలు, క్రోమోజోముపై ఏ భాగం ఏ ఖండపు పూర్వీకుల నుంచి దిగివచ్చిందో అంచనా కట్టవచ్చు. వీరిలో కిడ్నీలు పూర్తిగా దెబ్బతినడం తెల్లవారిలో కంటే అనేక రెట్లు ఎక్కువ. పేదరికం, అందని వైద్యం, రక్తపోటు వంటి కారణాలన్నీ అందులో కలగలిసి ఉన్నాయి కనుక జన్యువు పాత్రను విడదీయడం కష్టం. అయితే తునకలను బట్టి వెతికే ఈ పద్ధతి రోగిని మరొకరితో కాక ముందుగా అతని జన్యురాశితోనే పోలుస్తుంది: జబ్బుకు కారణమైన జన్యువు ఉన్నచోట రోగులలో ఆఫ్రికా వాటా మిగతా చోట్ల కంటే ఎక్కువగా కనిపించాలి. పేదరికం మనిషినంతటినీ బాధిస్తుందే తప్ప, ఒక్క క్రోమోజోములో ఒక్కచోట మాత్రం ఆఫ్రికా వాటాను పెంచజాలదు కదా! ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చిన తర్కం ఇదే.

2008లో రెండు పరిశోధక బృందాలు ఇలా వెతికి, రోగులలో ఆఫ్రికా వాటా అసాధారణంగా పెరిగిన చోటును 22వ క్రోమోజోముపై గుర్తించాయి. అక్కడున్న ఎంవైహెచ్9 జన్యువుపై అనుమానం పడింది. దానిలోని అరుదైన మార్పులు కిడ్నీని దెబ్బతీస్తాయని అప్పటికే తెలుసు కనుక, ఆ అనుమానాన్ని తప్పుపట్టలేము. కానీ 2010లో అసలు కారణం పక్కనే ఉన్న అపోల్1 జన్యువులో బయటపడింది. దానిలోని జీ1, జీ2 అనే రెండు రకాల మార్పులు ఆఫ్రికాలో నిద్రజబ్బు కలిగించే ఒక పరాన్నజీవిని చంపగల శక్తినిస్తాయి. అక్కడ అవి విస్తరించడానికి అదే కారణమని భావిస్తున్నారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ ప్రమాదకరమైన ప్రతులే వచ్చినవారికి కిడ్నీ జబ్బు ముప్పు బాగా పెరుగుతుంది. అయినా వారిలో ఎక్కువమందికి ఆ జబ్బు రాదు. హెచ్ఐవీ వంటి రెండో దెబ్బ తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది.

వెతుకులాటను సులువు చేసిన ఆ పొడవే పొరుగింటి తలుపు కూడా తట్టించింది. తునక పొడవుగా ఉంటే వీధి త్వరగా దొరుకుతుంది గాని, ఆ వీధిలోని ఇళ్లన్నీ కలిసే వారసత్వంగా వస్తాయి కనుక దోషి ఎవరో తేలదు.

మన దేశంలో దండ మరోలా ఉంది. ఇక్కడి రెండు ప్రాచీన జనసమూహాలు సుమారు 4,200 నుంచి 1,900 సంవత్సరాల క్రితం వరకు విస్తృతంగా కలిశాయని, ఆ తర్వాత సొంత కులంలోనే పెళ్లిళ్లు చేసుకోవడం బలపడిందని హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న 2013 నాటి అధ్యయనం తేల్చింది. కాబట్టి ఆ పాత కలయిక తునకలు ఈపాటికి కదంబమైపోయాయి. వాటికి బదులు ఒకే కులంలోని ఇద్దరు, తమకు బంధుత్వమున్నదని కూడా ఎరగనివారు, ఏదో ఒక ఉమ్మడి తాతముత్తాత నుంచి వచ్చిన పొడవాటి తునకలను పంచుకుంటున్నారు. 2017లో వెలువడిన మరో అధ్యయనంలో 263 సమూహాలను పరిశీలిస్తే, వాటిలో 81 సమూహాలకు ఫిన్లాండు ప్రజలను, అష్కెనాజీ (మధ్య, తూర్పు ఐరోపా మూలాల) యూదులను మించిన స్థాయిలో కొద్దిమంది మూలపురుషుల ముద్ర కనిపించింది. మన వైశ్యులు వాటిలో ఉన్నారు. శస్త్రచికిత్సలో కండరాలను సడలించడానికి ఇచ్చే ఒక మందును విరిచే ఎంజైమ్ లోపం వారిలో ఎక్కువ కనుక, సంగతి తెలిసిన మత్తువైద్యులు ఆ మందు విషయంలో జాగ్రత్తపడతారు. అది ఒక్క జన్యువు లోపం, ఎంజైమును పరీక్షిస్తే తెలిసిపోయేది. మధుమేహం, గుండెజబ్బు అలా పట్టుబడేవి కావు. ఒకే కులానికి చెందిన రోగులు ఆరోగ్యవంతుల కంటే ఎక్కువగా పంచుకుంటున్న తునక ఎక్కడుందో ముందు వెతకాలి, అది దొరికాక అందులోని జన్యువులను ఒక్కొక్కటిగా పరీక్షించాలి.