కొట్టుకు పంపిస్తే

"మూడు వస్తువులు చెప్పి కొట్టుకు పంపిస్తే ఒక్కటే తెస్తాడమ్మా. ఒళ్లు బద్ధకం."

వార్డు వరండాలో ఆ తల్లి ఈ మాట అంటున్నప్పుడు కొడుకు పక్కనే తల వంచుకుని ఉన్నాడు. కోనసీమలో కొబ్బరి దింపు తీసే కుర్రాడు. లేని మాటలు చెవిలో వినిపించే మానసిక జబ్బు, స్కిజోఫ్రినియాతో చేరి మూడు వారాలైంది. నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు, ఇన్నేళ్లలో ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పనందుకు.

నేను క్లినికల్ సైకాలజిస్టును. వార్డులో ఉన్నవారి జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, ఆలోచనా వేగం పరీక్షిస్తాను. చేరిన తొలిరోజుల్లో చేయను. నిద్రలేక, మాత్రల మత్తులో ఉన్న మనిషిని కూర్చోబెడితే కొలిచేది ఆ మత్తునే. చేతుల వణుకుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ కూడా జ్ఞాపకాన్ని మందగింపజేస్తుంది కాబట్టి ముందు మందుల చీటీ చూస్తాను. ఇతని చదువు ఆరో తరగతితో ఆగింది. డిగ్రీ చదివినవారి సగటుతో పోల్చడం అన్యాయం. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2004లో వెలువరించిన పరీక్షల్లో వయసునూ చదువునూ బట్టి ప్రమాణాలు ఉండటం నాకు పెద్ద ఆసరా.

ఒక్క నిమిషంలో జంతువుల పేర్లు చెప్పమన్నాను. ఆవు, గేదె, కుక్క. ఆగిపోయాడు. స్టాప్‌వాచి నడుస్తోంది, అతను కిటికీ వైపు చూస్తున్నాడు. మేక. అంతే. సమయం అయిపోయాక, లెక్కలో వేయకుండా, "మీ కాలువలో ఏ చేపలు పడతాయి?" అన్నాను. "కొరమీను, మట్టగిడస, జెల్ల, ఇంగిలాయి, వాలుగ, బొమ్మిడాయి..." వేళ్లు మడుస్తూ చెప్పుకుపోయాడు. "పులస కావాలంటే గోదావరిలోకి వెళ్లాలండి, అదీ వరద నీరు వచ్చాకే."

పదాల జాబితా చదివి వినిపించినప్పుడూ అదే తీరు. గుర్తున్నవి చెప్పమంటే 15లో 4. "ఈ మాట ఉందా?" అని ఒక్కొక్కటే అడిగితే చాలావరకు పోల్చుకున్నాడు. మాటలు లోపల ఉన్నాయి, పైకి లాగడానికి కొస అందాలి.

చెవిలో మాటలు మందులతో తగ్గినా ఈ మందగింపు చాలామందిలో మిగిలిపోతుంది. ఎంతోమందిలో జబ్బు బయటపడకముందే మొదలవుతుంది కూడా. పనిలో నిలదొక్కుకోవడం దీనిమీద ఎంతో ఆధారపడుతుంది.

"బద్ధకం కాదమ్మా, ఇది జబ్బులో భాగం. ఒకసారికి ఒక పనే చెప్పండి. కొట్టుకు పంపేటప్పుడు చీటీ రాసివ్వండి" అన్నాను.

"నాకు రాయడం రాదమ్మా."

"నేను రాసుకుంటానండి" అన్నాడు అతను. నా కలం తీసుకుని, అరచేతిలో కాగితం పెట్టుకుని, వణికే అక్షరాలతో రాశాడు: ఉప్పు, చింతపండు, అగ్గిపెట్టె.