ఊరి పేరు లేని రొయ్య

న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో రోజూ రైలెక్కి దిగేవాళ్ళలో చాలామంది కింది అంతస్తులోని ఆయిస్టర్ బార్, అంటే ఆల్చిప్పలు వడ్డించే హోటల్, గడప తొక్కి ఉండరు. నేనూ ఆ బాపతే. స్టామ్‌ఫర్డ్ నుంచి వచ్చే మెట్రో నార్త్ రైలు దిగడం, సబ్‌వే కోసం పరిగెత్తడం. స్టేషన్ లాగే ఆ హోటలూ 1913 నాటిది. మా టీంలో పెద్దాయన రిటైరవుతూ, పార్టీ ఇస్తే అక్కడే ఇస్తానని పట్టుబట్టారు కాబట్టి వెళ్ళాను. ఆయన మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ల మనిషి. మా ఇన్సూరెన్స్ సిస్టమ్‌లో ఏ కోబాల్ ప్రోగ్రాం అర్ధరాత్రి ఎందుకు మొరాయిస్తుందో ఆయనకే తెలుసు. ఆయన వెళ్ళిపోయాక ఆ ఫోన్లు నాకే వస్తాయన్న దిగులుతోనే కూర్చున్నాను.

లోపల ముందుగా కళ్ళు పోయేది పైకప్పు మీదికి. కమానులు కమానులుగా దిగే కప్పు, దానికి ఏటవాలుగా పేర్చిన పెంకులు, కమానుల అంచుల వెంట బల్బుల వరస. గుస్తావినో అనే తండ్రీకొడుకుల కంపెనీ పని అది. తండ్రి 1881లో స్పెయిన్ నుంచి కొడుకుని వెంటబెట్టుకుని న్యూయార్క్‌లో దిగాడు. వలస వచ్చినవాళ్ళని వరసలో నిలబెట్టి ప్రశ్నలడిగిన ఎల్లిస్ ఐలాండ్ హాలుకీ ఆ కంపెనీయే కప్పు వేసింది. వీసా స్టాంపింగ్ క్యూలో నిలబడ్డవాళ్ళకి ఈ ముక్క తెలిస్తే ఇంకాస్త మెడ ఎత్తి చూస్తారు.

గళ్ళ దుప్పట్లు పరిచిన టేబుళ్ళు వద్దని పెద్దాయన మమ్మల్ని కౌంటర్‌కి తీసుకెళ్ళారు. మెనూ తీస్తే ఆయిస్టర్లకే ఓ పెద్ద జాబితా. బ్లూ పాయింట్ లాంగ్ ఐలాండ్‌ది, వెల్‌ఫ్లీట్ మసాచుసెట్స్‌ది, మాల్‌పెక్ కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌ది. అన్నీ వేరే వేరే జాతులేమో అనుకున్నా. కాదట. ఈ మూడూ ఒకటే జాతి. పెరిగిన నీళ్ళే వేరు, ఉప్పదనం వేరు, అందుకని ఊరి పేరే సరుకు పేరు.

గోదావరి జిల్లా వాళ్ళకి చేపలు కొత్తా? కానీ పచ్చివి తినడం మాత్రం కొత్తే. మా దృష్టిలో ఆల్చిప్ప అంటే సున్నం బట్టీలోకి పోయేది. అవతల చేతొడుగు వేసుకున్న కుర్రాడు పొట్టి కత్తిని చిప్ప కీలు దగ్గర గుచ్చి, మణికట్టు ఒక్క తిప్పు తిప్పి, అడుగున కండ కోసి, లోపలి నీళ్ళు చుక్క ఒలకకుండా ఐసు మీద పెడుతున్నాడు. "నిమ్మకాయ చాలు, ఆ ఎర్ర సాస్ ముట్టుకోకు, నమిలి తిను" అన్నారు పెద్దాయన. నమిలాను. ముందు సముద్రపు ఉప్పు, తర్వాత సన్నటి తీపి. బాగుందా అంటే, రెండోది అడగకుండానే తీసుకున్నాను. పచ్చిది ఇక చాలనిపించాక పాన్ రోస్ట్ చెప్పాను. పేరుకి రోస్టే గానీ నిజానికి పులుసు లాంటిది. ఆవిరితో కాగే చిన్న గిన్నెల్లో వెన్న, చిల్లీ సాస్, క్రీం, ఆయిస్టర్లు వేసి బ్రెడ్ ముక్క మీద ఒంపేస్తారు. కారం లేదు, అది వేరే సంగతి.

ఒకప్పుడు ఈ ఊరి రేవులోనే ఆయిస్టర్లు కుప్పలుగా దొరికేవట. మురుగు కలిసి, 1927కల్లా నగరంలో ఆయిస్టర్లు పెరిగే చివరి చోట్లూ మూసేశారు. ఆ మాట వినగానే మా రొయ్యల చెరువుల నీళ్ళు వదిలే డ్రైన్లు, ఉప్పెక్కిన బావులు గుర్తొచ్చాయి. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. అందరి అన్నం అందులోంచే మరి.

ఆయిస్టర్ బస్తాకి ఒక ట్యాగ్ ఉంటుంది. ఎవరు తీశారు, ఏ నీళ్ళలో, ఏ తారీకున అన్నీ దాని మీద రాసి ఉంటాయి. బస్తా ఖాళీ అయ్యాక కూడా హోటలువాళ్ళు ఆ ట్యాగ్‌ని 90 రోజులు దాచాలి. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే నేరుగా ఆ నీళ్ళ దాకా వెళ్ళి పట్టుకుంటారన్నమాట. పచ్చిగా తినేదానికి ఆ మాత్రం జాగ్రత్త ఉండాల్సిందే. రొయ్య సంగతి అలా కాదు. సూపర్ మార్కెట్ సంచీ మీద ఏ దేశానిదో రాయాలి గానీ, హోటల్ ప్లేటుకి ఆ చట్టం వర్తించదు. లూసియానా లాంటి కొన్ని రాష్ట్రాలు మాత్రం దిగుమతి సరుకైతే మెనూలో చెప్పాలంటున్నాయి. మన దేశపు రొయ్యలు ఎక్కువగా కొనేది అమెరికా, ఎక్కువగా పండించేది ఆంధ్ర. అయినా ఈ దేశంలో నేను తిన్న ఏ ష్రింప్ కాక్‌టెయిల్ (సాస్‌తో ఇచ్చే చల్లటి రొయ్యల ప్లేటు) పక్కనా భీమవరం అనో, గణపవరం అనో చూడలేదు. మేత చెక్ ట్రేలో ఎంత మిగిలిందో చూసుకుంటూ, కరెంటు పోతే చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లకి జనరేటర్ వేయడానికి లేచి పరిగెత్తే మనిషికి ఒక ట్యాగ్ ముక్కైనా ఉండొద్దా?

బిల్లు పెద్దాయనే కట్టారు. టిప్పుకి న్యూయార్క్‌వాళ్ళ లెక్కొకటి నేర్పారు: పన్ను 8.875 శాతం, దాన్ని రెట్టింపు చెయ్యి, సరిపోతుంది. ఆ తర్వాత, మొరాయించే ప్రోగ్రాంల జాబితా ఉన్న నోటు పుస్తకం నా చేతిలో పెట్టారు.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేస్తే రుచి సంగతి అడగలేదు.

"రొయ్యల్లేవా తల్లీ? ఏ కౌంటు?"

కౌంటంటే తూకానికి ఎన్ని రొయ్యలన్న లెక్క. ఇక్కడ పౌనుకి చెబుతారు, అదీ తలలు తీశాక. మన దగ్గర కిలోకి, తలతో. మన 30 కౌంటు ఇక్కడికొచ్చేసరికి ఇంచుమించు 21/25, అంటే పౌనుకి 21 నుంచి 25, అవుతుందని చెప్పాను. వెంటనే లెక్క వేసేసుకున్నారు. వైట్ స్పాట్ తెగులుకి టైగర్ రొయ్య తుడిచిపెట్టుకుపోవడమూ చూశారు, తర్వాత వనామీ రకం రొయ్య రావడమూ చూశారు. ఆ లెక్కలకి ఆయనకి కాగితం అక్కర్లేదు.

"ప్లేటుకెన్ని పెడతారు?"

"ఐదో ఆరో, నాన్నా."

"ఎంతకి?"

చెప్పాను.

"మరి 2025 ఆగస్టులో ట్రంప్ 50 శాతం సుంకం వేశాడని మనకి రేటు కోసేశారు కదా. ఆ ప్లేటు రేటేమైనా తగ్గించారా?"

"పెంచారు."

"ఊఁ. సరే, రేపు పట్టుబడి ఉంది, పొద్దున్నే లేవాలి. పెట్టేయనా?"