షమిసెన్ ఝుంకారం, గిటార్ హోరు: జపాన్ మెటల్ కచేరీకి వెళ్లేవాళ్లకు

హైదరాబాద్ నుంచి జపాన్ మెటల్ (హోరెత్తే రాక్ సంగీతం) కచేరీకి బయల్దేరేముందు ఒకటి తేల్చుకోండి: మీకు కావలసింది సంప్రదాయ వాద్యాలా, సంప్రదాయ కథలా? రెండూ ఒకటే అనుకుంటే హాల్లో షమిసెన్ (చర్మం బిగించిన మూడు తీగల వాద్యం) కోసం వెతుక్కోవాల్సి వస్తుంది. 1999లో ఒసాకాలో మొదలైన ఓన్‌మ్యోజా బ్యాండ్ తన సంగీతాన్ని యోకాయ్ హెవీ మెటల్ అంటుంది. యోకాయ్ అంటే జానపద దయ్యాలు, వింతజీవులు. కిమోనోలు, పాతకాలపు జపనీస్ మాటలు ఉంటాయి, వాయించేవి మాత్రం గిటార్లు, బాస్, డ్రమ్స్. షమిసెన్‌ను, కోటో అనే పొడవాటి తీగల వాద్యాన్ని, షకుహాచి అనే వెదురు వేణువును, తైకో డప్పులను గిటార్ల పక్కన కూర్చోబెట్టింది ఎనిమిది మంది వాగక్కి బ్యాండ్. 2024 ఆఖరుతో అది విరామంలోకి వెళ్లింది. కచేరీ వీడియోలు మాత్రం తప్పక చూడాలి.

టికెట్లు చాలావరకు ముందు లాటరీలో పోతాయి, మిగిలినవే మామూలు అమ్మకానికి వస్తాయి. అక్కడ ఉదయం 10 అంటే మనకు 6:30, అలారం పెట్టుకోండి. అయితే చాలామంది చిక్కుకునేది అక్కడ కాదు, జపాన్ ఫోన్ నంబరు అడిగే దగ్గర. అందుకే విదేశీయులకు విడిగా అమ్మే పేజీ ఉందేమో ముందే చూడండి. ఎక్కువ ధరకు చేతులు మారిన టికెట్ జోలికి వెళ్లొద్దు. దానిమీద 2019 నుంచి చట్టమే ఉంది, గుమ్మం దగ్గర పేరు సరిచూసి వెనక్కి పంపొచ్చు.

చిన్న హాళ్లలో టికెట్ మీది నంబరు వరసలోనే లోపలికి పిలుస్తారు. పిలిచినప్పుడు లేకపోతే ఆ వరస పోయినట్టే. డ్రింక్ పేరుతో గుమ్మం దగ్గర 500-600 యెన్‌లు విడిగా తీసుకుంటారు. చిల్లర ఉంచుకోండి, లాకరుకు 100 యెన్ నాణేలు కావాలి. ఫొటోలు సాధారణంగా నిషిద్ధం.

ఎక్కడ నిలబడాలన్నదే అసలు విషయం. సంప్రదాయ వాద్యాలున్న కచేరీలో స్టేజీకి ఆనుకుని నిలబడితే డ్రమ్స్, గిటార్ ఆంప్‌ల మోతే చెవిన పడుతుంది. కోటో, షకుహాచి వచ్చేది పక్క స్పీకర్లలోంచి, అవి మీ తల మీదుగా వెనక్కి వెళ్లిపోతాయి. సౌండ్ మిక్సర్ ముందు నిలబడితే అన్నీ సమంగా వినిపిస్తాయి. అక్కడా కోటో మునిగిపోతే తప్పు వాయించేవాళ్లది కాదు. డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకుగా మార్చే ఎఫెక్ట్) పెట్టిన గిటార్ మధ్యస్థాయి ధ్వనులన్నీ ఆక్రమిస్తుంది, కోటో నాదమూ అక్కడే ఉంటుంది. షకుహాచి మైకులోకేమో డ్రమ్స్‌తో ఉండే సింబల్స్ (ఇత్తడి తాళాల) మోత చొరబడుతుంది, షకుహాచి శబ్దం పెంచితే అదీ పెరుగుతుంది.

షమిసెన్ నెగ్గుకొస్తుంది. ఉత్తర జపాన్‌కు చెందిన త్సుగారు శైలిలో బాచి అనే పెద్ద మీటు తీగతోపాటు చర్మాన్నీ కొడుతుంది, అంటే తీగ వాద్యంలోనే ఒక డప్పు ఉన్నట్టు. మందపు తీగకు సవారి అనే ఝుంకారం ఉంటుంది. తంబురా తీగ కింద నూలుపోగు పెట్టి మనం రాబట్టే నాదానికి అది దగ్గర చుట్టం.

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కచేరీలు విన్న చెవికి ఇంకో దారి దొరుకుతుంది. మియాకోబుషి అనే జపాన్ ఐదు స్వరాల స్కేలులో ఉండేవి షడ్జమం, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం. ‘కర్ణాటక శుద్ధ సావేరి’ అనే రాగానివీ ఇవే. 13 తీగల కోటోను ఈ స్వరాలకే శ్రుతి చేసే హిరాజోషి పద్ధతి ప్రసిద్ధం. తీగకో కదిలే బ్రిడ్జి ఉంటుంది, పాటకూ పాటకూ మధ్య చేత్తో వాటిని జరుపుతారు. ఆ జరిపే చేతిని గమనించండి, వచ్చే పాట స్వరాలు మారబోతున్నాయని అదే చెబుతుంది.