అమ్మమ్మ ఇంటి తూములో నీళ్లు ఏ వైపు తిరుగుతాయి?

“అమ్మమ్మ వాళ్లింట్లో నీళ్లు రివర్స్‌లో తిరుగుతాయి కదా?” మెల్‌బోర్న్‌లో పెరుగుతున్న పిల్ల, విజయవాడకు టికెట్లు తీయగానే అడిగిన మాట ఇది. భూమధ్యరేఖకు ఉత్తరాన తూములో నీళ్లు ఒక వైపు, దక్షిణాన దానికి ఎదురు వైపు సుడి తిరుగుతూ దిగుతాయని చాలామంది అనే మాటే అది. నేనూ అవునని తలూపేశాను. రెండు ఊళ్లను కలిపే మాట ఒకటి దొరికిందన్న సంబరంలో, అది నిజమో కాదో చూడలేదు. ఆ తప్పును టబ్బుతోనే దిద్దాలి. మీ ఇంట్లోనూ ఈ ప్రశ్న వస్తే ఇలా చేయండి.

ముందు లెక్క. విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. భూమి మొత్తం రోజుకు ఒక చుట్టు తిరిగినా, ధ్రువాలకు దూరమైనకొద్దీ మన కాళ్ల కింది నేల ఉన్నచోటే తిరిగే వేగం తగ్గుతుంది. అందుకే విజయవాడలో ఆ నేల సుమారు 84 గంటలకు ఒక చుట్టు తిరుగుతుంది, అదీ గడియారానికి ఎదురు దిశలో. మెల్‌బోర్న్ 37.8 డిగ్రీల దక్షిణాన ఉంది కాబట్టి 39 గంటలకు ఒక చుట్టు, గడియారం దిశలో. అంటే తేడా ఉన్న మాట నిజమే. కానీ 40 సెంటీమీటర్ల వెడల్పు టబ్బు అంచున, విజయవాడలో ఆ వేగం సెకనుకు 4 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు నాలుగు. కుళాయి కట్టేశాక టబ్బులో మిగిలే కదలిక సెకనుకు ఒక్క సెంటీమీటరే అనుకున్నా, దీనికి రెండు వేల రెట్లకు పైనే. వాష్‌బేసిన్‌లో గెలిచేది కుళాయే. ఫ్లష్‌లోనైతే నీళ్లు ఏ కోణంలో దూకాలో అంచు కింది రంధ్రాలే ముందుగా తేల్చేసి ఉంటాయి.

పిల్లకు లెక్కతో పని లేదు, కంటికి కనపడాలి. అడుగు చదునుగా ఉన్న గుండ్రటి టబ్బు తీసుకుని, సరిగ్గా మధ్యలో 12 మిల్లీమీటర్ల బొక్క వేయండి. బిరడాను కింది నుంచి బిగించండి. పైనుంచి బిగిస్తే తీసేటప్పుడు చెయ్యే నీళ్లను తిప్పేస్తుంది. రెండు ఇటుకల మీద నిలబెట్టి 20 లీటర్లు పోయండి. గరిటెతో కుడివైపు మూడు చుట్లు తిప్పి, రెండు నిమిషాలు ఆగి, చిటికెడు మిరియాల పొడి చల్లి బిరడా లాగండి. ఆరేడు నిమిషాల్లో టబ్బు ఖాళీ అవుతుంది. చివర్లో సుడి బిగుసుకున్నకొద్దీ పొడి జోరుగా తిరగడం కనిపిస్తుంది, అదీ కుడివైపే. ఈసారి ఎడమవైపు తిప్పి చూడండి. నీళ్లు పైకి నిలిచినట్టే ఉంటాయి కానీ తిప్పిన చెయ్యిని మరచిపోవు.

అసలు భూమి ప్రభావం చూడాలంటే ఓపిక కావాలి. 1962లో అమెరికాలోని ఎమ్‌ఐటీ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ ప్రొఫెసర్ ఆషర్ షపీరో ఆరడుగుల వెడల్పు తొట్టిలో ఆరంగుళాల నీళ్లు పోసి, ప్లాస్టిక్ షీటు కప్పి, 24 గంటలు కదలకుండా ఉంచాడు. నింపేటప్పుడు నీళ్లను కావాలనే గడియారం దిశలో, అంటే అక్కడి నేల తిరిగే దిశకు ఎదురుగా తిప్పాడు. సన్న రంధ్రం గుండా ఇరవై నిమిషాలు పారాయి. మొదటి పన్నెండు నిమిషాలూ ఏమీ కనపడలేదు. తర్వాత గడియారానికి ఎదురు దిశలో సుడి పుట్టింది. 1965లో సిడ్నీలో అలాంటిదే చేస్తే గడియారం దిశలో తిరిగింది. ఇంట్లో ఫ్యాను గాలి, కిటికీలోంచి ఒక పక్క పడే ఎండ, బొక్క అంచున చిన్న గరుకు, వీటిలో ఏ ఒక్కటైనా చాలు ఫలితం తారుమారు కావడానికి. అందుకే మన టబ్బులో ఎప్పుడూ ఒకే వైపు సుడి వస్తుంటే భూమి అనకండి, ముందు బొక్క అంచు తడిమి చూడండి.

ఇక్కడే నాకు గుంజాటన. విజయవాడ అనగానే పిల్లకు గుర్తొచ్చే వింతలు నాలుగో అయిదో. అందులో ఒకటి నా చేతులతోనే తీసేస్తున్నానా? ప్రకాశం బ్యారేజీ గేట్ల దిగువన ఒక స్తంభం పక్కనే రెండు వైపులా తిరిగే సుడులు చూపిస్తే ఆ లోటు తీరుతుందా? తీరుతుందని గట్టిగా చెప్పలేను. అయినా అబద్ధంతో నిలబెట్టిన వింత నాకొద్దు.

పిల్ల చెప్పింది పూర్తిగా తప్పు కూడా కాదు, కొలతే తప్పు. వందల కిలోమీటర్ల వెడల్పుతో రోజుల తరబడి తిరిగే తుపానుకు భూమి చెప్పిందే మాట. బంగాళాఖాతంలో అది గడియారానికి ఎదురు దిశలో, ఆస్ట్రేలియా తీరంలో గడియారం దిశలో తిరుగుతుంది. రెండు ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టి చూపించండి. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన ఉప్పెన గుర్తున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, పిల్లను వాళ్ల దగ్గర కూర్చోబెట్టండి. ఆ రోజు గాలి ముందు ఏ వైపు నుంచి కొట్టింది, తర్వాత ఏ వైపుకు మళ్లింది అని అడగమనండి.